మస్టరులో మొదటి పేరు

కృత్తిక కార్తె, 4వ రోజు
మొదటి కూత (పైన ఎండ ముదిరిందన్న హెచ్చరిక) 6.20. తలుపు మూత 6.40. బిళ్లకు పట్టిన సమయం 14 సెకన్లు.

గేటు నెమ్మదించింది, ఈ ఫిర్యాదుల పుస్తకంలో బానయ్య సారు రోజూ రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఎండ తప్పించుకోవడానికి మేమంతా కాపురముంటున్న ఈ ఐదో గనికి ఆయన ఓవర్‌మన్. గాలి, నీరు, తలుపు ఆయన మాట మీద నడుస్తాయి. మస్టరు, అంటే హాజరు పట్టీ, మాత్రం నా మాట మీద నడుస్తుంది. నా పేరు దుర్గం స్వరూప. మస్టర్ ఇన్‌చార్జిగా ఇది ఏడో ఏడు.

పొద్దున గేటు దగ్గర వరుస పొడుగైంది. పైన జొన్న చేలో రాత్రంతా కోసి తెల్లవారుజామున దిగేవాళ్లు నూట అరవై మంది. ఒక్కొక్కరు తమ ఇత్తడి బిళ్లను గేటు చీలికలో వేస్తారు. మెషీన్ నంబరు చదువుతుంది, మస్టరును తెరుస్తుంది, ఆ నంబరు ఎదుట 'వచ్చారు' అని రాసి మూస్తుంది. అప్పుడు లోపలి తలుపు ఒక్క మనిషికి తెరుచుకుంటుంది. బిళ్లకు రెండు సెకన్లు, మనిషి దాటడానికి మరో రెండు. అయిదింటికి గేటు తీస్తే అయిదూ పదకొండుకల్లా అందరూ లోపల ఉంటారు, ఆ తర్వాత నిమిషంలో చాయ్ కోసం కొట్టుకుంటుంటారు. ఇవాళ నలభై మూడు నిమిషాలు పట్టింది.

చివరి బిళ్ల మా ఆయనది. ఓదెలు పై పనికి సర్దార్. సర్దార్ తన మనుషులందరూ దిగాకే దిగాలన్నది గని కట్టుబాటు. రాసిన చట్టమైతే నేను ఎప్పుడో మార్పించేదాన్ని. రాయనిది కాబట్టి ఎవరూ మార్చలేరు.

"గిట్లయితే ఎట్ల స్వరూపా? రోహిణి పదిరోజులల్ల ఉన్నది," అన్నారు బానయ్య సారు.

"రెండు రోజుల పని సారు. మీరు పండుకోండి," అన్నాను.

నిజంగానే రెండు రోజుల పని. ఈ గనిలో నా చేతికి లొంగని మెషీన్ ఇంకా పుట్టలేదు.

కృత్తిక కార్తె, 5వ రోజు
మొదటి కూత 6.19. బిళ్లకు 14 సెకన్లు.

మస్టరు ఫైలు ఉండేది నా గదిలోని పెద్ద మెషీన్‌లో. గేటు, నీటి గది, ధాన్యం కొట్టు, ఆస్పత్రి, ఎవరైనా కేబుల్ గుండా వచ్చి ఆ ఒక్క ఫైలునే తెరవాలి. కాబట్టి మొదటి అనుమానం కేబుల్ మీదే. రెండు వందల గజాల కేబుల్‌ను నేనూ నీటి గది గుమస్తా పోచమూ కలిసి చేతులతో తడుముతూ వెళ్లాం. మూడు చోట్ల పందికొక్కు కొరికిన గాట్లు దొరికాయి. పోచం ఆనందానికి హద్దు లేదు, ఎందుకంటే వాడు పందికొక్కులను మొదటినుంచీ ద్వేషిస్తాడు. కేబుల్ మొత్తం మార్చాం.

మార్చాక కూడా పద్నాలుగే. కొండను తవ్వి ఎలుకను పట్టామని బానయ్య సారు నవ్వారు. మేం పట్టింది ఎలుకను కూడా కాదు, దాని పంటి గాటును.

కృత్తిక కార్తె, 6వ రోజు
మొదటి కూత 6.17. బిళ్లకు 16 సెకన్లు.

మస్టరులో పదకొండేళ్ల రాతలున్నాయి. తీసేసిన రాతల చోట ఖాళీలు అలాగే ఉండిపోతాయి, ఫైలు ఊరికే ఉబ్బుతుంది. దాన్ని అదిమి చిన్నది చేయాలంటే ముందు అందరూ బయటికి రావాలి. అది తెలుసుకోవడం తేలిక. మస్టరును మొదటి మనిషి తెరవగానే పక్కనే ఒక చిన్న కాపలా ఫైలు పుడుతుంది. లోపల ఎవరెవరున్నారో అందులో వచ్చిన వరుసలో పేర్లు ఉంటాయి. చివరి మనిషి మూయగానే అది చెరిగిపోతుంది.

ఒకప్పుడు ఆ కాపలా ఫైలు ఖాళీ కావడానికి గదిగదికీ తిరిగి బతిమాలాల్సి వచ్చేది. ఇవాళ చూస్తే అప్పటికే లేదు. నా పొదుపు ఉత్తర్వు ఫలితం అది. చూడటం అయిపోగానే ఎవరి తెర వాళ్లు మూయాలి, ఊరికే వెలిగే మెషీన్ ఒక్కటీ ఉండకూడదు అని అశ్విని కార్తెలో తెచ్చాను. మొదట ఎవరూ ఖాతరు చేయలేదు. కృత్తిక మొదటి రోజు నుంచి నేనే స్వయంగా తిరిగి తనిఖీ చేస్తున్నాను. ఇప్పుడు అందరూ దారికొచ్చారు. రోజుకు నాలుగు యూనిట్ల కరెంటు మిగులుతోంది, దానితో ఆరో గల్లీలో ఇంకో పంకా తిరుగుతోంది. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, ఇది నిజంగా గొప్ప విషయమే.

ఫైలు సగానికి తగ్గింది. రేపటితో కథ ముగుస్తుంది.

కృత్తిక కార్తె, 7వ రోజు
మొదటి కూత 6.16. బిళ్లకు 16 సెకన్లు.

ముగియలేదు.

ఇవాళ రెండు పనులు చేశాను. ఒకటి, ఏదైనా పాడు ప్రోగ్రాం చొరబడిందేమోనని పెద్ద మెషీన్‌లో తనిఖీ ప్రోగ్రాంను కఠినంగా బిగించాను. కొత్తగా పుట్టే ప్రతి ఫైలునూ అది ఆపి, సోదా చేసి వదులుతుంది. రెండు, గేటు మెషీన్‌కు మెమరీ పెంచాను. అది కొమురవ్వ మెషీన్ నుంచి తీసింది. కొమురవ్వ పాత ల్యాంపు రూములో పనిచేసిన పెద్దావిడ. ఆమె మెషీన్ రోజూ ఊరికే వెలిగేది. తెర మీద మస్టరు మొదటి పేజీ, తెర అంచున కుంకుమ బొట్టు, ఎదురుగా ఆమె. ఒక్క అక్షరం కొట్టగా ఎవరూ చూడలేదు. భరణి కార్తె చివర్లో శాలువా కప్పి, చప్పట్లు కొట్టి ఇంటికి పంపాం. మెషీన్ స్టోరుకు పోయింది.

కృత్తిక కార్తె, 8వ రోజు
మొదటి కూత 6.14. బిళ్లకు 22 సెకన్లు.

ఇరవై రెండు. పెరిగింది. గేటు గుమస్తా సుగుణ నా మొహం చూడకుండా కాగితం చేతికిచ్చింది.

రోజంతా గేటు మెషీన్‌లోని ప్రోగ్రాం పేజీ విప్పి చూశాను. ఆరేళ్ల కిందట విరగ్గొట్టి పారేసిన ప్రింటర్ కోసం మెషీన్ ఇంకా వెతుకుతోంది. చచ్చినవాడి పేరు పెట్టి పిలుస్తూ పలకలేదని అలిగినట్టు. ఆ వెతుకులాట మాన్పించాను. ఒక్క బిళ్ల కోసం పదకొండేళ్ల రాతలూ మోసుకురాకుండా ఆ రోజు పైకి వెళ్లినవాళ్లవి మాత్రమే తెచ్చేలా మార్చాను. ఇది అసలు సిసలు మరమ్మతు. నాకు తెలుసు.

కృత్తిక కార్తె, 9వ రోజు
మొదటి కూత 6.12. బిళ్లకు 3 సెకన్లు.

మూడు!

అయిదూ పదమూడుకు మా ఆయన బిళ్ల పడింది. నేను మా వాటా నువ్వులూ బెల్లమూ దంచి ఉండలు చేసి గల్లీ అంతా పంచాను. బానయ్య సారు రెండు తిన్నారు. "ప్రింటర్ సారు, ప్రింటరే," అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను.

ఇంకో సంగతి. తనిఖీకి వెళ్తే పోచం నీటి గదిలో మస్టరు పేజీ తెరిచిపెట్టి, కుర్చీలో గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. తెల్లవారుజాము నుంచీ అలాగే వెలుగుతోందట. గనికంతటికీ పండుగ రోజైనా క్రమశిక్షణ క్రమశిక్షణే. మూడు రోజులు పంకాలు తుడవమని శిక్ష వేశాను. పంకా రెక్కల మీద బొగ్గు పొడి ఎలా పేరుకుంటుందో తెలిసినవాళ్లకు ఆ శిక్ష విలువ తెలుస్తుంది.

కృత్తిక కార్తె, 10వ రోజు
మొదటి కూత 6.10. బిళ్లకు 24 సెకన్లు.

రాయబుద్ధి కావడం లేదు. అరవై తొమ్మిది నిమిషాలు. అయిదూ పదకొండుకు చాయ్ తాగాల్సినవాళ్లు ఆరు దాటేదాకా ఎండలో నిలబడ్డారు. నా నువ్వుల ఉండలు ఇంకా కొందరి నోట్లోనే ఉండి ఉంటాయి.

కృత్తిక కార్తె, 11వ రోజు
మొదటి కూత 6.09. తలుపు మూత 6.29. బిళ్లకు 25 సెకన్లు.

ఓదెలు ఆరూ పన్నెండుకు దిగాడు. మొదటి కూత కూసి అప్పటికే మూడు నిమిషాలైంది. మెడ వెనక చర్మం కమిలి పొరలు లేచింది. ఇంటికొచ్చి అంబలి రెండు గిన్నెలు తాగి, మూడోది తలమీద పోసుకున్నాడు.

"రేపు నడుమల నిలబడు. ఆఖరుకు వద్దు," అన్నాను.

"సర్దార్ నడుమల నిలబడ్తె ఎన్క ఉన్నోళ్లు ఏమనుకుంటరే?"

"ఏమన్నా అనుకోనీ. బతికుంటవ్ గద."

"ఆళ్లు గూడ బతికుండాలె గద. ఎన్క నేనున్నంటె, తలుపు తెరుసుకుంటదని ఆళ్లకు ధైర్యం." ఖాళీ గిన్నె కింద పెట్టి, "మస్టరు నా పెండ్లం చేతుల ఉన్నదని నాకు ధైర్యం," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి తిట్టి నిద్రపోయేదాన్ని. నాకు భయంగా ఉంది. ఇది ఫిర్యాదుల పుస్తకమని తెలుసు, అయినా రాస్తున్నాను. నాకు చాలా భయంగా ఉంది.

కృత్తిక కార్తె, 12వ రోజు
మొదటి కూత 6.08. బిళ్లకు 27 సెకన్లు.

మధ్యాహ్నం బానయ్య సారు గదిలో మాట్లాడుకున్నాం. సారు, నేను, ఓదెలు.

లెక్క ఇది. ఏ ఏడైనా రోహిణి మొదటి రోజు నుంచి మొదటి కూత అయిదున్నరకే. అంతకుముందే గేటు తీద్దామంటే బయటి తలుపు తెల్లవారుజాము గాలి చల్లబడ్డాకే తెరుచుకుంటుంది, అయిదింటికి ముందు వీలుకాదు. అంటే అయిదూ యాభైకి తలుపు మూత. మాకు మిగిలేది యాభై నిమిషాలు. ఈ నడకకు ఆలోగా లోపలికొచ్చేది వంద మందికి కొంచెం పైన. రోహిణిలో రోళ్లు పగులుతాయని మా ముత్తవ్వల కాలంలో అనేవారట. ఇప్పుడు పగలడానికి పైన రోళ్లేవీ మిగల్లేదు.

"మనుషులను తగ్గిద్దాం," అన్నారు సారు.

"కంకి ఎండింది సారు. నాలుగొద్దులు ఆగితె గింజ కంకి మీదనే పేలాలైతది. ఆర్నెల్ల తిండి," అన్నాడు ఓదెలు.

"అయితే కాగితం మీద రాసుకుంట లోపటికి తీసుకుందాం. మస్టరు సంగతి తర్వాత చూద్దాం."

సారు అన్న మాటను తనే వెనక్కి తీసుకున్నట్టు తల దించుకున్నారు. పదకొండేళ్ల కింద కాగితం లెక్క మీదే అందరూ వచ్చారనుకుని తలుపు మూశారు. బయట పందొమ్మిది మంది ఉన్నారు. ఆ తర్వాతే మస్టరు వచ్చింది. మస్టరు ఒప్పుకుంటే తప్ప లోపలి తలుపు తెరుచుకోకుండా కట్టారు. కూత కూసిన ఇరవై నిమిషాలకు బయటి తలుపు దానంతటదే పడుతుంది, లేకపోతే వేడి లోపలికి దూకి గల్లీలన్నీ ఉడికిపోతాయి. మనిషి మాట అక్కడ చెల్లదు. చెల్లకుండా ఉండాలనే అలా కట్టారు.

"నేను బాగు చేస్తాను సారు," అన్నాను. ఈసారి ఎన్ని రోజులో చెప్పలేదు.

కృత్తిక కార్తె, 13వ రోజు
మొదటి కూత 6.06. బిళ్లకు 28 సెకన్లు.

కొమురవ్వ దగ్గరికి వెళ్లాను. ఆమె మెషీన్‌లో ఇంకో మెమరీ ముక్క ఉండాలి, కనిపించడం లేదు, తీసిందేమోనని. బిళ్లలకు కొత్త తోలు తాళ్లు కడుతూ కూర్చుంది.

"రా బిడ్డా. నువ్వు కప్పిన శాలువ మస్తుగున్నది. చలే లేదు గని," అంది.

ముక్క సంగతి తనకు తెలియదంది. మాటల్లో మాటగా, ఆమె ఉన్న రోజుల్లో మస్టరు ఎప్పుడైనా ఇలా నెమ్మదించిందా అని అడిగాను.

"నాకేమెర్క? గేటు తెరువక ముందే మస్టరు తెరిసేదాన్ని. ఆఖరి బిళ్ల పడ్డంక మూసేదాన్ని. నడుమ సూసుకుంట కూసునేదాన్ని, గంతే."

"ఊరికే తెరిచిపెట్టుడెందుకవ్వా?"

ఆమె తాడు ముడి పళ్లతో బిగించి, నా వైపు చూసింది. "ఇంటికి మనుషులొస్తున్నరంటె ఇల్లు ఖాళీగ పెడ్తమా? ఒకలు లోపలుండాలె బిడ్డా. ఆ పొద్దు మా అన్న బయటనే ఉండిపోయె. లోపల ఒక్కలన్న కూసోని సూస్తుంటె, ఇంక పందొమ్మిది మంది రాలేదని ఎర్కయ్యేది. గప్పటిసంది నేనే కూసున్న."

కాసేపు ఆమెతో తాళ్లు కట్టాను. ఆమె బాధ నాకు అర్థమైంది. కానీ మెషీన్‌కు బాధ అర్థం కాదు కదా, సెకన్లు తగ్గవు. ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

కృత్తిక కార్తె, 14వ రోజు
మొదటి కూత 5.40. తలుపు మూత 6.00.

ఇది మధ్యాహ్నం రాస్తున్నాను.

కూత ఇరవై అయిదు నిమిషాలు ముందే కూసింది. పడమటి గాలి తిరిగిందట. అప్పటికి ఎనభై మంది లోపలికి వచ్చారు. ఎనభై మంది బయట ఉన్నారు. బిళ్లకు ఇరవై ఎనిమిది సెకన్లు, దాటడానికి రెండు. ఉన్నది ఇరవై నిమిషాలు. నలభై మంది వస్తారు, నలభై మంది రారు. సుగుణ కూడా అదే లెక్క కట్టినట్టుంది, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

గేటు అద్దంలోంచి వరుస కనిపిస్తోంది. అన్నిటికన్నా చివర ఓదెలు. ముందున్న ముసలామె తలమీద తన తువ్వాలు కప్పి, రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డాడు. అద్దం వైపు చూడలేదు. చూస్తే ముందుకు రమ్మంటానని అతనికి తెలుసు.

చేతిలో ఈ పుస్తకమే ఉంది. ఏం చేయాలో తోచక పేజీలు తిప్పాను. 14, 14, 16, 16, 22, 3, 24. తొమ్మిదో రోజున మూడు. ఆ ముందురోజు చేసింది ప్రింటర్ పని, పేజీ పని. అవి పదో రోజున కూడా అలాగే ఉన్నాయి, అయినా ఇరవై నాలుగు. మరి తొమ్మిదో రోజున మాత్రమే ఉన్నదేమిటి? కింద నా రాతే కనిపించింది. పోచం, నిద్ర, తెరిచిపెట్టిన పేజీ, పంకాలు.

ఒకలు లోపలుండాలె.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నేను పరుగెత్తాను. నా వయసుకూ నా ఒంటికీ అది పరుగంటే పరుగెత్తేవాళ్లు నవ్వుతారు, కానీ పరుగెత్తాను. నీటి గది తలుపు తోసేసరికి పోచం లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు.

"మూసిన అక్కా! ఒట్టు, మూసిన! చూడు!"

"తెరువు!"

"ఆఁ?"

"మస్టరు తెరువు పోచం! తెరిచి ముయ్యకు!"

"తెరిస్తె మల్ల పంకాలు తుడువుమంటవ్..."

"నేను తుడుస్త పంకాలు! నువ్వు తెరువు!"

తెరిచాడు. తెర మీద మస్టరు మొదటి పేజీ వచ్చింది. "ముట్టుకోకు, దగ్గకు, ఊరికే కూర్చో," అని చెప్పి మళ్లీ గేటు దగ్గరికి పరుగెత్తాను. అక్కడికి చేరేలోపే చప్పుడు వినిపించింది. బిళ్ల, తలుపు, బిళ్ల, తలుపు. సుగుణ ఏడుస్తూ లెక్కపెడుతోంది. అరవై మంది బయట, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది.

అయిదూ యాభై ఒకటికి ముసలామె లోపలికి వచ్చింది, తలమీద తువ్వాలుతో. ఆమె వెనక ఓదెలు బిళ్ల పడింది. తలుపు పడటానికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది. నేను అందరి ముందూ అతని కాలర్ పట్టుకుని ఏడ్చాను. అతను, "ఏమైందే? లోపలికొచ్చిన గద," అన్నాడు.

కారణం ఇప్పుడు రాస్తాను, మళ్లీ ఎవరూ ఈ తప్పు చేయకుండా. మస్టరు ఒక ఇల్లు లాంటిది. లోపల ఎవరూ లేకపోతే వచ్చే మనిషే తాళం తీయాలి, దీపం పెట్టాలి, కాపలా ఫైలును పుట్టించాలి. వెళ్తూ అన్నీ ఆర్పి తాళం వేయాలి. గేటు మెషీన్ ఆ పనంతా నూట అరవై సార్లు చేస్తోంది. దానికి తోడు నేను బిగించిన తనిఖీ ప్రోగ్రాం, కొత్తగా పుట్టిన కాపలా ఫైలును ప్రతిసారీ ఆపి సోదా చేసింది, దాని సోదా చిట్టా పెరిగేకొద్దీ రోజుకింత నెమ్మదిస్తూ. లోపల ఒక్క మనిషి తెరిచిపెట్టుకుని కూర్చుంటే ఇవేవీ ఉండవు, తలుపు తోసుకుని వెళ్లడమే. కొమురవ్వ వెళ్లాక కూడా కొన్నాళ్లు గుమస్తాల బద్ధకం మమ్మల్ని కాపాడింది. ఎవడో ఒకడు మూయడం మరిచేవాడు. నేను తనిఖీలు చేసి వాళ్లను బాగుచేసిన కొద్దీ మస్టరు చెడుతూ వచ్చింది.

మధ్యాహ్నం పెద్ద మెషీన్‌లోని పాత నకళ్లు తీసి చూశాను. ఏడాదికొకటి చొప్పున కాపలా ఫైలు నకళ్లు పదకొండు దొరికాయి. పదకొండింటిలోనూ మొదటి పేరు కొమురవ్వది. ఏడేళ్లుగా ఆ ఫైలు నా గదిలోనే ఉంది. నేను ఒక్కసారీ ఆ పేరు చదవలేదు.

తప్పు నాది. ఈ పుస్తకంలో ఇన్ని రోజులూ కేబుల్‌దనీ, ప్రింటర్‌దనీ రాశాను. ఆడలేక మద్దెల ఓడన్నాను. పొదుపు ఉత్తర్వు రద్దు చేస్తున్నాను.

రోహిణి కార్తె, 1వ రోజు
మొదటి కూత 5.30. తలుపు మూత 5.50. బిళ్లకు 2 సెకన్లు.

నిన్న సాయంత్రం కొమురవ్వ ఇంటికి వెళ్లి ఆమె కాళ్లకు మొక్కాను. మెషీన్ మళ్లీ పెడతాను, వచ్చి కూర్చోమన్నాను. నవ్వింది.

"పొమ్మన్నప్పుడు శాలువ ఇస్తివి, రమ్మన్నప్పుడు ఏమిస్తవ్?"

"ఏమడిగితే అది."

"నాకేం వద్దు బిడ్డా. కండ్లు మసకలైనయ్. పేర్లు కనవడుత లేవు. నీ మొగడు పైకి పోతడు గద, నువ్వే కూసో. ఎట్లన్న కన్నార్పకుంట సూస్తవ్."

మస్టరును తెరిచి పట్టుకునే పని మెషీన్‌కే అప్పగించే నాలుగు వాక్యాలు రాసి గేటులో పెట్టాను. తనిఖీ ప్రోగ్రాంను కాపలా ఫైలు జోలికి పోవద్దన్నాను. నేను లేకపోయినా మస్టరు నడుస్తుంది. అయినా కూర్చుంటున్నాను. మెషీన్ తెరిచి ఉంచుతుంది కానీ ఎవరు రాలేదో చూసి కంగారు పడదు. ఆ కంగారు పడటానికి ఒక మనిషి ఉండాలి. అందుకయ్యే కరెంటు రోజుకు ఒక యూనిట్. నా బల్ల దగ్గరి పంకా ఆపేసి అది మిగిల్చాను. పోచానికి వేసిన మూడు రోజుల శిక్ష ఇప్పుడు నాది. నిన్న ఒక గల్లీ పంకాలు తుడిచాను, ముక్కులోంచి ఇంకా బొగ్గు పొడి వస్తోంది. పోచం మూడుసార్లు వచ్చి, "అక్కా, గీ రెక్క మర్సిపోయినవ్," అని చూపించి వెళ్లాడు.

ఇవాళ నాలుగూ యాభైకి పాత ల్యాంపు రూములో కూర్చున్నాను. కొమురవ్వ కుర్చీ, కొమురవ్వ మెషీన్, తెర అంచున పాత కుంకుమ. బొట్టు చెరపలేదు. మస్టరు తెరిచాను. కాపలా ఫైలు పుట్టింది. అందులో మొదటి పేరు నాది.

అయిదింటికి గేటు తీశారు. పేర్లు ఒక్కొక్కటే నల్లబడుతూ వచ్చాయి. ఎవరి వాకిట్లో ఏ ముగ్గు వేస్తారో కూడా నాకు తెలిసిన పేర్లు, కానీ ఇంతవరకూ నంబర్లుగానే చూశాను. నూట యాభై ఎనిమిది. నూట యాభై తొమ్మిది. తర్వాత కాసేపు ఏమీ పడలేదు. నాలుగు సెకన్లో, అయిదో. ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాను. కొమురవ్వ పదకొండేళ్లు ఎలా కూర్చుందో నాకు ఆ అయిదు సెకన్లలో తెలిసింది.

ఓదెలు, 'వచ్చారు', అయిదూ పదకొండు.

నూట అరవై. అందరూ వచ్చారు. ఇక మస్టరు మూస్తున్నాను.